బాపు కారుకు మూడో ఎర్ర లైటు

నా కారు ముసలిది. నేనూ అంతే కాబట్టి మా ఇద్దరికీ బాగానే కుదిరింది. బడి నుంచి రిటైరయ్యాక సూర్యాపేట ఇంట్లో గోళ్లు గిల్లుకుంటూ కూర్చోలేక, కోదాడలో ఉన్న మా చెల్లెలి దగ్గరికి వారం వారం దాన్ని తోలుకుంటూ పోతుంటాను. ఆ మధ్య మునగాల దాటాక ఒక బర్రె రోడ్డుకు అడ్డం వస్తే బ్రేకు తొక్కాను. బర్రె తన ఇష్టం వచ్చినట్టు తాపీగా దాటింది. నా వెనకాల వస్తున్న వ్యాను మాత్రం టైర్లు అరిగేలా అరిచి, నా డిక్కీకి జానెడు దూరంలో ఆగింది. డ్రైవరు దిగొచ్చి, "ఏందమ్మా, ఇవి లైట్లా, బొట్టుబిళ్లలా? బ్రేకు కొట్టినట్టే కనపడలె" అన్నాడు. నలభై మంది పిల్లల్ని ఒక్క చూపుతో కూర్చోబెట్టిన దాన్ని, వాడికి జవాబు చెప్పడం నాకో లెక్కా? నోరు తెరిచాను కూడా. కానీ దిగి చూస్తే వాడన్న మాట నిజం. ఎండకు వెలిసిపోయిన నా లైట్లు ఉన్నా లేనట్టే ఉన్నాయి. నోరు మూసుకుని బండెక్కాను.

మర్నాడు మెకానిక్ జానీ షెడ్డుకు పోయి, వెనక అద్దం కింద ఇంకో బ్రేకు లైటు పెట్టమన్నాను. అతను డిక్కీలో తలదూర్చి, పాత లైటు వైరును గీకి, కొత్త వైరును దానికి చుట్టి, టేపు వేసి, నడుం పట్టుకుని లేచాడు. "మేడం, జర కూసోని బ్రేకు తొక్కున్రి" అన్నాడు. తొక్కాను. "ఎలిగింది మేడం!" అని వెనక నుంచి కేకేశాడు. నేను కాలు తీయలేదు. "అయిపోయింది మేడం, కాలు తియ్యున్రి" అన్నాడు. అయినా తీయలేదు. అతను పరేషానై కిటికీ దగ్గరికి వచ్చి నా మొహం చూశాడు. వెనక నిలబడి ఆ మాట చెప్పే మనిషి లేక ఎన్నేళ్లయిందో ఆ క్షణంలో నాకు తెలిసొచ్చింది, అంతే. జానీ ఏమనుకున్నాడో ఏమో, మెల్లగా, "ముందల మీటరు కాడ ఓ సిన్న బల్బు గూడ పెట్టమంటరా? ఎనక ఎలిగితే అది గూడ ఎలుగుతది. ఇగ ఎవల్నీ అడిగే పని ఉండది" అన్నాడు. ఆలోచించుకుని చెబుతానని, టీ తెప్పించమని, అక్కడే ఒక పాత టైరు మీద కూర్చున్నాను. టీ వచ్చేలోపు నేను నా చిన్నప్పటి మిర్యాలగూడ పోయాను.

మిర్యాలగూడలో మా ఇల్లు రైసుమిల్లుల వెనక సందులో ఉండేది. పొద్దున కళ్లు తెరవకముందే ఉడికిన వడ్ల వాసన ముక్కుకు తగిలేది. కొత్తగా వచ్చిన చుట్టాలు ఆ వాసనకు ముక్కు మూసుకునేవాళ్లు. మాకేమో ఊరు దాటితే గాలిలో ఏదో లోటున్నట్టనిపించేది. ఆరేసిన బట్టల మీద ఊక బూడిద రాలి, తెల్ల చొక్కా ఏదీ మా ఇంట్లో తెల్లగా ఉండేది కాదు. మా బాపు ఒక మిల్లులో కరెంటు మేస్త్రీ. మోటార్లు, స్టార్టర్లు, బెల్టులు, తిట్లు, అన్నీ ఆయన ఆధీనంలో ఉండేవి. అమ్మది ఆంధ్రా పొలిమేరలోని కోదాడ. ఇంటి ముందు గదిలో మిషను పెట్టుకుని, మిల్లులో పనికి వచ్చే ఆడవాళ్లకు జాకెట్లు కుట్టేది. బాపు మా ఊరి తీరున మాట్లాడితే, అమ్మ 'అండీ, గిండీ' అంటూ మాట్లాడేది. "మీ అమ్మ తిట్టినా దండం పెట్టినట్టే ఉంటది బిడ్డా" అని బాపు నవ్వేవాడు. ఆ తిట్లు తినే మనిషి ఆయనే కాబట్టి ఆయన మాట కాదనలేం.

మిల్లులో స్టార్టరు ఒక గదిలో, మోటారు ఇంకో గదిలో ఉండేవి. ఇక్కడ మీట నొక్కినవాడికి అక్కడ తిరిగిందో లేదో కనపడదు. అందుకని ఒకరు నొక్కి "తిరిగిందా?" అని అరవడం, అవతల నిలబడ్డవాడు "తిరిగింది!" అని అరవడం అక్కడి పద్ధతి. జవాబు రానిదే మా బాపు చెయ్యి మీట మీద నుంచి లేచేది కాదు. ఆ పద్ధతిని ఇంటికి కూడా మోసుకొచ్చాడు. వంటింట్లో బల్బు మార్చితే, తన నెత్తి మీదే వెలుగుతున్నా సరే, "ఎలిగిందా?" అని మమ్మల్ని అడిగేవాడు. ఇస్త్రీపెట్టె బాగుచేస్తే "కాలిందా?" అని అడిగేవాడు. ఒకసారి మా చెల్లెలు వేలు పెట్టి మరీ జవాబు చెప్పింది. కరెంటు పని రెండు జతల కళ్ల పని అని, ఒక్కడి కళ్లను నమ్మినవాడు ఏదో ఒకరోజు స్తంభానికి వేలాడుతాడని ఆయన సిద్ధాంతం.

ఆ రోజుల్లో మిల్లు సేటు కొత్త కారు కొని, తన పాత అంబాసిడర్‌ను బాపుకు అంటగట్టాడు. అంటగట్టాడు అన్నది అమ్మ మాట. బాపు మాత్రం "మనసు పడి ఇచ్చిండు" అనేవాడు. దాని తలుపులు గట్టిగా వేస్తే తెరుచుకునేవి, మెల్లగా వేస్తే అసలు పడేవే కావు. మిల్లు పని మీద బాపు రోజూ వడ్ల లారీల మధ్యన గరిడేపల్లి దాకానో పెద్దవూర దాకానో పోయి రావలసి వచ్చేది. కాబట్టి పొద్దున బండి కదిలే ముందు ఒక తంతు ఉండేది. బాపు స్టీరింగు ముందు కూర్చుని బ్రేకు తొక్కేవాడు. అమ్మ చేతిలో ఏ పనున్నా వదిలేసి, కొంగు బొడ్లో దోపుకుని, కారు వెనక నిలబడేది. "ఎలిగిందా?" "వెలిగిందండీ." అప్పుడు గాని బండి సందు దాటేది కాదు. మా వీధిలో వాళ్లు ఆ కేకలు విని గడియారాలు సరిచేసుకునేవాళ్లు.

వాళ్లిద్దరూ అలిగినప్పుడు కూడా ఆ తంతు ఆగేది కాదు, అదే దాని గొప్పతనం. అలిగితే అమ్మ మాటలన్నీ గోడకు చెప్పేది. "అన్నం పెట్టానని చెప్పు" అనేది గోడతో. "ఆకలి లేదని చెప్పు" అని బాపు అదే గోడకు జవాబిచ్చేవాడు. పొద్దున కారు దగ్గర మాత్రం గోడ పనికిరాదు కదా! ఒకసారి బాపు మంచి చేయబోయి, అమ్మ కుట్టుమిషనుకు మిల్లులోని పాత మోటారు బిగించాడు. అది ఒక్క ఊపులో ఎవరిదో పెళ్లి జాకెట్టును చేతులకూ మెడకూ కలిపి కుట్టేసి, సూది విరగ్గొట్టుకుని ఆగింది. మర్నాడు పొద్దున "ఎలిగిందా?" అంటే, ఎర్రగా వెలుగుతున్న లైటును కళ్లారా చూస్తూ అమ్మ, "వెలగలేదు" అంది. అండీ కూడా లేదు. బాపు ఇస్త్రీ చొక్కాతో కారు కింద దూరాడు. వైర్లు లాగాడు, బల్బులు తుడిచాడు, సేటును తిట్టాడు. అమ్మ అరుగు మీద కూర్చుని, తీరిగ్గా టీ తాగి, గ్లాసు కడిగి బోర్లించి, అప్పుడొచ్చి, "ఇప్పుడు వెలిగిందండీ" అంది. నేను నవ్వాపుకోలేక ఇంట్లోకి పరుగెత్తాను.

నేను డిగ్రీలో ఉండగా మా ఇంట్లో అన్నంలో రాళ్లు రావడం మొదలైంది. ఇది చిన్న విషయం కాదు. బియ్యం ఏరడంలో అమ్మకు పేరు. చేటలో ఒక్క ఊపు ఊపితే రాళ్లు సిగ్గుపడి పక్కకు వచ్చేవని మా నాయనమ్మ అనేది. అలాంటి ఇంట్లో పటుక్కుమని శబ్దం వస్తే అందరం చేతులు ఆపి బాపు మొహం చూసేవాళ్లం. ఆయన రాయి మింగి, "మా మిల్లే ఖరాబైంది. జల్లెడ మార్చమని సేటుకు చెప్పాలె" అనేవాడు. అమ్మ దారం ఎక్కించమని సూది నా చేతికిచ్చేది. పుస్తకంలో తలపెట్టిన నన్ను పిలవడం ఆమెకు సరదా అనుకుని నేను గొణిగేదాన్ని. "కళ్లు కనిపిస్తలేవా ఏందే?" అని బాపు ఒకసారి పైకే అడిగాడు. "నా కళ్లకేం! చీమ కాళ్లు లెక్కపెట్టి చెప్పమంటారా?" అని అమ్మ గయ్యిమంది. ఆమె భయం ఆమెది. వాళ్ల పెద్దమ్మ ఒకావిడ కంటి ఆపరేషన్ చేయించుకుని, చెప్పిన మాట వినకుండా మర్నాడే కట్టెల పొయ్యి ముందు కూర్చుని, ఉన్న చూపు కాస్తా పోగొట్టుకుంది. అప్పటినుంచి కంటి దవాఖాన పేరెత్తితే అమ్మ ఆ పూట అన్నం మానేసేది.

ఒకరోజు మిల్లు గేటు దగ్గర ఒక లారీ డ్రైవరు బాపును ఆపి, "మేస్త్రీ, నీ కారుకు ఎనక లైటు ఎలుగుతనే లేదు. కాలువ కట్ట మీద ఇయ్యాల కొద్దిల తప్పింది, లేకుంటే నీ మీదికే ఎక్కేటోణ్ణి" అన్నాడట. ఈ సంగతి బాపు ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. ఆ పొద్దున అమ్మ "వెలిగిందండీ" అంటేనే కదా ఆయన బండి తీసింది! సాయంత్రం ఊడిన వైరును బిగించి, లైటు బాగుచేసుకున్నాడు. ఆ మర్నాడు నేను కాలేజీకి పోవడానికి గడప దిగుతుంటే ఎప్పటిలాగే "ఎలిగిందా?" అని కేక వినపడింది. కారు వెనక అమ్మ నిలబడి ఉంది. "వెలిగిందండీ" అంది. నేను చూశాను. రెండు లైట్లూ నల్లగా ఉన్నాయి. నేను నోరు తెరిచేలోపు, కారు అద్దంలోంచి బాపు నన్ను చూసి, పెదవి మీద వేలు పెట్టుకున్నాడు. అమ్మ ఇంట్లోకి వెళ్లిపోయాక నేను కిటికీ దగ్గరికి పోయాను. ఆయన చొక్కా జేబులోంచి రెండు చిన్న బల్బులు తీసి అరచేతిలో చూపించాడు. పరీక్ష కోసం తనే పీకి పెట్టుకున్నాడు. "మీ అమ్మకు ఇవి అవుపడ్తలేవు బిడ్డా. అలవాటు మీద చెప్తున్నది" అన్నాడు. కరెంటుకు భయపడని మా బాపు ఆ రోజు ఆ బల్బులను చూసి భయపడ్డాడు. "చెప్పేద్దాం బాపూ" అన్నాను. "చెప్తే ఒప్పుకుంటదా? కొట్లాడుతది. ఆమెకే తెల్వాలె" అన్నాడు.

ఆదివారం నాడు ఒక లారీ లైటు పట్టుకొచ్చాడు. అన్నం పళ్లెమంత ఎర్రటి గుండ్రటి లైటు. "ఎందుకండీ ఇది? రెండున్నాయి కదా" అంది అమ్మ. "లారోళ్లకు గుడ్డితనం ఎక్కువైంది" అన్నాడు బాపు. డిక్కీ మూత మీద దాన్ని బిగించి, పాత లైటు వైరు నుంచి ఒక వైరు లాగాడు. రెండో వైరు దగ్గర వచ్చింది తిప్పలు. కారు ఇనుముకు బిగిస్తే చాలు. మిల్లు లారీలకు వైర్లు వేసే మేస్త్రీ అదే చెప్పాడు, భౌతికశాస్త్రం చదువుతున్న నేనూ అదే చెప్పాను. బాపు వినలేదు. ఏ కరెంటైనా చివరికి మట్టిలో కలవాల్సిందేనని ఆయన నమ్మకం. మా ఇంటి వెనక ఎర్తు కోసం ఉప్పూ బొగ్గులూ వేసి పూడ్చిన గుంతలో ఎండాకాలం బిందెడు నీళ్లు పోస్తే గాని ఫ్యాను సరిగ్గా తిరగదని అనేవాడు. "బ్యాటరీ కరెంటు మళ్లీ బ్యాటరీకే పోతది బాపూ, భూమితోటి పనిలేదు" అన్నాను. "నీ పుస్తకం ఎన్నడన్న రబ్బరు టైర్ల మీద నిలబడ్డదా?" అన్నాడు. పక్కింటి వాళ్ల బర్రెను కట్టేసే గొలుసు అడిగి తెచ్చి, కారుకు తగిలించి, నేలకు ఆనేలా వేలాడదీశాడు. గొలుసు కొస మీద ఉప్పునీళ్లు కూడా చల్లాడు. లైటు వెలిగింది. "సూసినవా?" అన్నాడు. నేను కర్రతో గొలుసును పైకెత్తి పట్టుకున్నాను. అయినా వెలుగుతూనే ఉంది. బాపు ఒక్క క్షణం ఆలోచించి, "ఇనుములో జర మట్టి గుణం మిగిలి ఉంటది" అన్నాడు. అలాంటి మనిషితో ఎవరు వాదించగలరు?

మర్నాడు పొద్దున బాపు కారెక్కి కూర్చున్నాడు. నేను కాలేజీకి ఆలస్యమైనా కదలకుండా అరుగు మీదే నిలబడ్డాను. అమ్మ చేతులు తుడుచుకుంటూ వచ్చి, రోజూ నిలబడే చోట నిలబడింది. "ఎలిగిందా?" అన్నాడు బాపు. అమ్మ ఒక అడుగు ముందుకు వేసింది. ఇంకో అడుగు వేసింది. ఆ ఎర్రటి అద్దం మీద అరచేయి ఆనించి, వేళ్ల సందుల్లోంచి వస్తున్న వెలుగును చూస్తూ ఉండిపోయింది. పక్కనున్న చిన్న లైట్ల వైపు వంగి చూసింది, మళ్లీ పెద్దదాన్ని చూసింది.

"ఏమండీ" అంది చివరికి. "ఇన్నాళ్లూ వెలగలేదా?"

బాపు బ్రేకు మీద నుంచి కాలు తీయలేదు. వెనక్కి తిరగలేదు. "కొన్ని దినాలు ఎలిగింది. కొన్ని దినాలు ఎలగలె" అన్నాడు.

"నేను వెలిగిందనే చెప్పాను కదా?"

"చెప్పినవ్."

"మరి మీరు అట్లాగే లారీల మధ్యకి వెళ్లిపోయారా?"

"నువ్వు ఎలిగిందని చెప్పినంక నేను పోకుంటే ఎట్లనే?" అన్నాడు బాపు.

అమ్మ మొహం పాలిపోయింది. తన కళ్ల గురించి ఎన్నిసార్లు చెప్పినా చలించని మనిషి, ఆ ఒక్క మాటకు కారు మీద చెయ్యి ఆనించి నిలబడి ఏడ్చింది. "మీకేమైనా అయ్యుంటే నా గతేంటండీ! పిల్లల గతేంటి!" అంటూ కొంగు నోట్లో కుక్కుకుంది. నాకూ ఏడుపొచ్చింది. బాపు మాత్రం అలాగే బ్రేకు తొక్కి కూర్చున్నాడు, ఆ ఎర్ర వెలుగు ఆమె చీర మీద పడుతూనే ఉంది. కాసేపటికి అమ్మ ముక్కు చీదుకుని ఇంట్లోకి పోయింది. చీర మార్చుకుని, సంచిలో ఒక తువ్వాలూ చెంబూ వేసుకుని వచ్చి, గట్టిగా వేస్తే తెరుచుకునే ఆ తలుపు తీసి కూర్చుంది. "సూర్యాపేట పోదాం పదండి. అక్కడ కంటి డాక్టరెవరో చూద్దాం" అంది. బాపు మిల్లుకు పోవడం మానేశాడు. గొలుసు రోడ్డు మీద గలగలలాడుతుంటే ఇద్దరూ సందు మలుపు తిరిగారు, అమ్మ అప్పుడే "ఆ చప్పుడేంటండీ, పెళ్లివారి బండిలా" అని సణగడం నాకు వినిపించింది.

శుక్లాలకు ఆపరేషన్ బాగానే జరిగింది. కళ్లకు కట్టు కట్టుకుని అమ్మ ఇంట్లో పడుకున్న రోజుల్లో ఆ గొలుసే ఆమెకు తోడైంది. బాపు ఇంకా ఎక్కడో రైలుగేటు దగ్గర ఉండగానే మంచం మీద లేచి కూర్చుని, "మీ నాన్నగారు వచ్చేశారు, అన్నం వడ్డించు" అనేది. కరెంటుకు పనికిరాని గొలుసు ఆ రకంగా పనికొచ్చింది. అదంతా తన ముందుచూపేనని బాపు ఇప్పటికీ పైలోకంలో ఎవరితోనో చెప్పుకుంటూనే ఉంటాడు. కట్టు విప్పి, మందపాటి అద్దాలు పెట్టాక మాత్రం మా అందరి కష్టాలూ మొదలయ్యాయి. మూలల్లో బూజు, నా పుస్తకాల మీద దుమ్ము, బాపు బనీను చిల్లులు, మా చెల్లెలు కడిగిన గిన్నెల్లో జిడ్డు, ఏదీ ఆమె కంట పడకుండా పోలేదు. కారు వెనక నిలబడి ఆ లారీ లైటును మొదటిసారి సరిగ్గా చూసి, "అబ్బే, ఇదేంటండీ, ఇంత అసహ్యంగా ఉంది! తీసి పారేయండి" అంది. బాపు తీయలేదు. ఆ కారు తుక్కు కింద పోయే రోజు దాకా ఆ మూడో లైటు అలాగే ఉంది. దాని వెనక నిలబడి అమ్మ చెప్పే మాట కూడా అలాగే సాగింది.

ఇప్పుడు వాళ్లిద్దరూ లేరు. మిర్యాలగూడ మీదుగా పోయినప్పుడు వడ్ల వాసన వస్తే అద్దాలు దించుతాను. మా కోదాడ చెల్లెలి కొత్త కారులో ఏ బల్బు పోయినా ముందు అద్దం దగ్గర బొమ్మ వెలిగి, కూతకూసి చెబుతుంది. మంచిదే, కాదనను. నాలుగు రోడ్ల మధ్య ఒంటరిగా బండి నడిపే ఆడదానికి అంతకన్నా ఏం కావాలి? కానీ ఆ కారుకు బల్బు సంగతి తెలుస్తుంది గాని, వెనక నిలబడ్డ మనిషి సంగతి తెలియదు. అసలు వెనక ఎవరూ నిలబడరు. టీ చల్లారాక జానీతో, "ముందల బల్బు వద్దులే" అన్నాను. "ఎట్ల తెలుస్తది మరి మేడం?" అన్నాడు. "అడుగుతా" అన్నాను.

మా పక్కింట్లో యాదమ్మ ఉంటుంది. నా వయసే. పొద్దున్నే వాకిలి ఊడుస్తుంది, నోరు మాత్రం చీపురు కన్నా వాడి. ఇప్పుడు బండి తీసే ముందు ఆమెను కేకేస్తాను. ఆమె చీపురు పట్టుకునే వచ్చి కారు వెనక నిలబడుతుంది. మొదట్లో నవ్వింది, తర్వాత విసుక్కుంది. నిన్న పొద్దున మాత్రం నిలదీసింది.

"ఎలిగిందా యాదమ్మా?"

"ఎలిగింది టీచరమ్మా. మొన్న ఎలిగింది, నిన్న ఎలిగింది, గా లైటుకు ఏం రోగమని రోజూ సూడాలె?"

"లైటుకేం లేదు. నీ కళ్లు బాగున్నయా లేదా అని" అన్నాను.

అద్దంలో చూస్తే ఆమె చీపురు కింద పెట్టి, కొంగుతో కళ్లు తుడుచుకుని, ముందుకు వంగింది.

"ఏదీ, ఇంకోపారి తొక్కు" అంది.